లాబ్రడూడుల్‌కు బొచ్చు రాలదంటున్నారు, నిజమేనా?

బైరాగిపట్టెడ అమ్మ:
అందరికీ నమస్తే. మా పాప రెండేళ్ళుగా కుక్క కావాలని ఒకటే పోరు. మా ఆయనకేమో కుక్క దగ్గరికొస్తే తుమ్ములు, కళ్ళు ఎర్రబడతాయి. బెంగళూరులో ఒకాయన లాబ్రడూడుల్ పిల్లల ఫోటోలు వాట్సాప్‌లో పంపాడు. తల్లి లాబ్రడార్, తండ్రి పూడుల్, ఎఫ్1 అంట, అంటే మొదటి తరం క్రాస్. 70 వేలు. ఉంగరాల బొచ్చు, అదే ఊల్ కోటు, కావాలంటే ఇంకో 10 వేలు. "బొచ్చు రాలదు, అలర్జీ రాదు, క్రాస్ కాబట్టి జబ్బులూ రావు మేడం" అంటున్నాడు. పిల్లలకు 38 రోజులు. రేపటికల్లా అడ్వాన్స్ వేయాలంట. ఏ కోటు తీసుకోమంటారు? మన ఎండకు తట్టుకుంటుందా?

రేణిగుంట రాము:
80 వేలా! మా వీధిలో నాలుగు నాటు పిల్లలున్నాయి. ఊరికే ఇస్తాం, తీసుకుపోండి.

బూందీ వాళ్ళ నాన్న:
అడ్వాన్స్ వేయొద్దమ్మా. ముందు నా కథ వినండి.

మాది తిరుపతిలో కొర్లగుంట. బూందీ మా ఇంటి లాబ్రడూడుల్, ఏడేళ్ళది. ఎఫ్1, వంకీలు తిరిగిన ఫ్లీస్ కోటు. చిన్నప్పుడు దూదిపింజలా ఉండేది. పది నెలలకు పెద్ద బొచ్చు రావడం మొదలయ్యాక తెలిసింది అసలు సంగతి. రాలాల్సిన వెంట్రుక కింద పడకుండా మిగతా బొచ్చులోనే చిక్కుకుని ఉండకడుతుంది. నేను పైపైన దువ్వి మురిసిపోయేవాణ్ణి. నవంబరు వానల్లో తడిసి చంకల్లో, చెవుల వెనక చర్మానికి అతుక్కుపోయింది. లోపల పిడుదులు. చివరికి మొత్తం గొరిగించాల్సి వచ్చింది. ఊరికి వచ్చినవాళ్ళంతా గుండు కొట్టించుకుని పోతారు, మా బూందీ ఇక్కడే ఉండి కొట్టించుకుంది.

ఇక ఊల్ కోటు బేరం. ఉంగరాల జీన్ పూడుల్ వైపు నుంచే వస్తుంది. ఎఫ్1 పిల్లకు అది ఒక్క కాపీనే, కాబట్టి ఎక్కువగా వంకీలే. 38 రోజుల పిల్లను చూసి ఊల్ అని 10 వేలు ఎక్కువ అడిగేవాణ్ణి నేను నమ్మను.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. బూందీకి మూడేళ్ళప్పుడు తెలిసినవాళ్ళ ఎఫ్1 మగదానితో కట్టించాను. రెండూ ముద్దుగా ఉన్నాయి, అంతకుమించి ఏమీ చూడలేదు. ఆరు పిల్లలు పుట్టాయి. వాటిలో రెండింటికి మూతి మీద మీసం, గడ్డం లేవు. అచ్చం లాబ్రడార్ మొహం, బొచ్చూ అలాగే రాలుతుంది. ఆ మీసం జీన్ తల్లిలో ఒకటి, తండ్రిలో ఒకటి ఉంటే, నాలుగింట ఒక పిల్లకు అసలు అందకపోవచ్చని తర్వాత డాక్టరు చెప్పాడు. సరే, అది అందం సంగతి.

ఒక మగపిల్లను చిత్తూరులో మా బావమరిదికి ఇచ్చాను. ఈమధ్య రాత్రిళ్ళు మెట్లకు గుద్దుకుంటోందని ఫోన్ చేశాడు. పీఆర్ఏ అంట. రెటీనా మెల్లగా పాడై, చివరికి పూర్తిగా చూపు పోతుంది. మందు లేదు. బూందీలో దాగి ఉన్న జీన్, ఆ మగదానిలోనూ ఉంది. ముందే రక్తంలో జీన్ పరీక్ష చేయించి ఉంటే ఆ జత కట్టించేవాణ్ణే కాదు. లాబ్రడార్లలోనూ పూడుల్స్‌లోనూ ఉన్న జబ్బు క్రాస్ చేస్తే ఎక్కడికి పోతుంది?

అందుకని కోటు తర్వాత చూద్దురు, ముందు తల్లిదండ్రుల రిపోర్టులు అడగండి.

వెటర్నరీ ఫైనల్ ఇయర్:
అన్న చెప్పింది నిజం. పీఆర్ఏతో పాటు ఇద్దరికీ తుంటి ఎక్స్‌రే అడగండి, రెండేళ్ళు నిండాక తీసినదై ఉండాలి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, బ్రీడరుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. తల్లికి ఏడాదికి ఒక్క కాన్పే, జీవితంలో ఐదుకు మించకూడదు.

అలర్జీ బొచ్చు వల్ల కాదు, లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్ల వల్ల. రాలని కుక్కకూ అవి ఉంటాయి. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ ఈ క్రాస్ చేయించింది కూడా హవాయిలో ఒక అంధురాలి భర్తకు అలర్జీ ఉందనే. పుట్టిన మూడు పిల్లల బొచ్చు, లాలాజలం అక్కడికి పంపితే ఒక్కదే ఆయనకు పడింది.

ఎండకు: బొచ్చు అంగుళం ఉంచి కత్తిరించండి. మే నెలలో పొద్దున ఆరులోపే బయటికి తిప్పండి. చర్మం దాకా గొరిగితే ఎండకు కాలుతుంది.

బైరాగిపట్టెడ అమ్మ:
రిపోర్టులు అడిగాను. "ఇద్దరూ హెల్తీ మేడం" అని ఒక బొటనవేలు బొమ్మ పెట్టాడు. తల్లిని వీడియో కాల్‌లో చూపించమంటే రెండు నీలం టిక్కులు తప్ప జవాబు లేదు. అడ్వాన్స్ వేయలేదు.

అన్నా, ఆదివారం మా ఆయన్ని మీ ఇంటికి తీసుకురావచ్చా? బూందీ పక్కన ఒక గంట కూర్చోబెడతాను.

బూందీ వాళ్ళ నాన్న:
రండమ్మా. దీంతో పడినంత మాత్రాన ఇంకో పిల్లతో పడుతుందని కాదు, అయినా మొదలైతే పెట్టండి. ఆయన తుమ్ముల మాత్ర వేసుకోకుండా రావాలి. నేనూ శనివారం బూందీకి స్నానం చేయించను.