ఒకే పాయింట్లు రాసిన ఇద్దరికి వేరే మార్కులు పడ్డాయి, మళ్ళీ దిద్దాలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. డిగ్రీ క్లాసులకి చెప్పడం నాకు ఇదే మొదటి సెమిస్టర్. 60 అసైన్‌మెంట్లు, పదేసి మార్కులకి, మూడు రాత్రులు కూర్చుని దిద్దాను. నిన్న ఒకమ్మాయి తన పేపరూ ఫ్రెండ్ పేపరూ పక్కపక్కన పెట్టి "మేడమ్, ఇద్దరం ఇవే పాయింట్లు రాశాం, తనకి 8, నాకు 6 ఎందుకు" అని అడిగింది, గొడవగా కాదు మామూలుగానే, చూస్తే నిజమే, తనది మొదటి రాత్రి కట్టలోది, ఫ్రెండ్‌ది చివర్లోది. జవాబు చెప్పలేకపోయా. ఆ ఒక్క పేపరుకే పెంచాలా, మళ్ళీ అన్నీ దిద్దాలా?

జవాబు 1:
ఒక్కదానికే పెంచకండి మేడమ్, అడగని పిల్లలకి అన్యాయమైపోతుంది. మొదటి రాత్రివన్నీ మళ్ళీ చూడండి. మొదట్లో మన మనసులో ఉన్న ఆన్సర్‌తో పోల్చి గట్టిగా వేస్తాం, ఓ ఇరవై చదివాక పిల్లలు నిజంగా ఎంత రాయగలరో తెలిసి చెయ్యి వదులవుతుంది. అందుకే నేను పది పేపర్లు మార్కులేమీ వేయకుండా చదివాకే పెన్ను పడతా. అందరిదీ మొదటి ప్రశ్న అయ్యాకే రెండోదానికి వెళ్తా, అప్పుడు కట్ట తిరగేస్తా. పేరున్న పేజీ మడిచేయండి, క్లాసులో చురుగ్గా ఉండే పిల్లాడిదని తెలిస్తే అర మార్కు మనకి తెలీకుండానే పడిపోతుంది.

జవాబు 2:
ఇది మీ ఒక్కరి సమస్య కాదండి. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లిష్ పేపర్‌ని 142 మంది టీచర్లతో దిద్దిస్తే, వందకి 64 వేసినవాళ్ళున్నారు, 98 వేసినవాళ్ళూ ఉన్నారు. రూబ్రిక్, అంటే ఏం రాస్తే ఎన్ని మార్కులో చెప్పే పట్టిక, రాసుకోండి, కానీ "విశ్లేషణ బాగుంటే 4" అంటే లాభం లేదు, బాగుండటం అంటే ఏంటో రోజుకోలా అనిపిస్తుంది. "సొంత ఉదాహరణ ఇచ్చి అదెందుకు సరిపోతుందో చెప్తే 4, ఉదాహరణ ఒక్కటే ఇస్తే 2" అలా ఉండాలి. ప్రశ్నతో పాటే పిల్లలకి ఇచ్చేయండి.

జవాబు 3:
రూబ్రిక్ మంచిదే గానీ మరీ ముక్కలు చేయొద్దు. ఒకసారి ఒకబ్బాయి ఎవరూ చూడని కోణంలో రాశాడు, నా పట్టికలో దానికి చోటే లేదు, 5 వేయాల్సొచ్చింది, ఇప్పటికీ బాధే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండి అందరికీ. మొదటి రాత్రివి 22, పేర్లు మడిచి మళ్ళీ దిద్దాను, ఫ్రెండ్‌దీ వాటిలో కలిపేశా. తొమ్మిది మందికి పెరిగాయి. ఆ అమ్మాయికి ఏడున్నర వచ్చింది, ఫ్రెండ్‌ది 8 అలాగే ఉంది. ఆ అర మార్కు, ఉదాహరణ ఇచ్చి ఎందుకో చెప్పకుండా వదిలేసినందుకు, అదే మార్జిన్‌లో ఆ లైను పక్కన రాసిచ్చాను.