అప్‌డేట్: బెజవాడా గుంటూరా అని అడిగా కదా, తేలిపోయింది

మొన్నామధ్య అడిగా గుర్తుందా, బొమ్మలేసుకుని బతికేవాడిని, హైదరాబాద్ అద్దెలు కట్టలేకపోతున్నా, విజయవాడ వెళ్లాలా గుంటూరా అని. సగం మంది బెజవాడే అన్నారు, నేనూ అదే అనుకుని సత్యనారాయణపురంలో నాలుగిళ్లు చూశా, ఒకావిడైతే గది చూపించకముందే "పెళ్లైందా బాబూ?" అంది, లేదండీ అన్నా, తలుపేసేసింది 😂

చివరికి గుంటూరు బ్రాడీపేటలో మేడ మీద గది, 6,500, ఉత్తరం కిటికీ ఉంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురు ఒకేలా ఉంటుంది, దానికే పడిపోయా. కానీ మేడ మీద ఎండ సంగతి మీరెవరూ చెప్పలేదేంటండీ బాబూ, వాటర్ కలర్ వాష్ (నీళ్లెక్కువ కలిపిన పల్చటి రంగు పూత) వేసి కుంచె ముంచుకొచ్చేలోపు ఆరిపోతోంది, మధ్యాహ్నం పని మానేసి రాత్రిళ్లు వేస్తున్నా.

పని ఎలాగూ ఆన్‌లైన్‌లోనే వస్తుంది, లోకల్‌గా పెళ్లికార్డుల బేరాలు తప్ప ఏం లేవు, డబ్బులు కూడా తక్కువే. ఆదివారాలు రైలెక్కి బెజవాడ, అక్కణ్ణుంచి బస్సులో కొండపల్లి పోతున్నా, అక్కడ బొమ్మలు చేసే తెల్ల పొణికి చెక్కని ఒకాయన ఏనుగు చెవిలా చెక్కుతుంటే గంట కూర్చుండిపోయా. స్కెచ్‌లు తర్వాత పెడతా.