అప్‌డేట్: డాట్సన్ 240జెడ్ నంబర్లు సరిచూశాక తేలింది ఇదీ

అమెరికాలో అమ్మిన 1972 నాటి డాట్సన్ 240జెడ్ కారు కొనేముందు ఏయే నంబర్లు చూడాలని అడిగాను కదా, ఆ పని అయింది.

1981కి ముందు బండి కాబట్టి దీనికి 17 అక్షరాల ఛాసిస్ నంబరు ఉండదు, అది అడిగే సైట్లు పనికిరావు. దీనికి హెచ్‌ఎల్‌ఎస్30, ఆ వెనక వరుస సంఖ్య, అంతే. అద్దంలోంచి కనిపించే డ్యాష్‌బోర్డు ప్లేటు, ఇంజన్ బే (బానెట్ కింద ఇంజన్ ఉండే చోటు) ప్లేటు, టైటిల్ కాగితం (యాజమాన్య పత్రం) మూడింటిలో నంబరు కలిసింది. కానీ ప్లేట్లు రివెట్లతో బిగించినవి, ఊడదీసి ఇంకో బండికి కొట్టడం ఎంతసేపు? అసలు సాక్ష్యం ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య అడ్డుగోడ) రేకులోనే గుద్దిన నంబరు. దాన్ని డీగ్రీజర్‌తో (జిడ్డు వదిలించే ద్రవం) మెత్తగా తుడవాలి. వైర్ బ్రష్ పెడితే అంకెల అంచులు అరుగుతాయి. టార్చి ఏటవాలుగా కొడితే లోతు అంతటా ఒకేలా ఉంది, చుట్టూ వెల్డింగ్ గీత గానీ పుట్టీ గానీ లేదు. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు కూడా తీశాం.

తేడా ఇంజన్లో వచ్చింది. స్పార్క్ ప్లగ్గుల వైపు, హెడ్ కింద బ్లాకు మీద ఇంజన్ రకం ఎల్24 అని ఉండాల్సిన చోట ఎల్28 అని ఉంది. అంటే 2393 సీసీ పోయి 2753 సీసీ వచ్చింది. నడపడానికి ఇదే హాయి, కానీ ‘మ్యాచింగ్ నంబర్స్’ (బండితో వచ్చిన అసలు ఇంజనే ఉన్న కారు) రేటు ఇవ్వక్కర్లేదు. ధర ఆ మేరకు తగ్గింది. బే ప్లేటు మీది పాత ఇంజన్ నంబరు రాసి పెట్టుకున్నా, ఆ బ్లాకు ఎక్కడైనా తగలొచ్చు.