ఫార్గోలో జెర్రీ: పాపం అనాలా, తగిన శాస్తి అనాలా?

గోదారిగట్టు:
నిన్న రాత్రి ఫార్గో (1996) సినిమా మూడోసారి చూశాను. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో, ముగింపుతో సహా చెప్పేస్తున్నా, తిట్టుకోకండి. జెర్రీ మినియాపోలిస్‌లో మామగారి కార్ల షోరూంలో సేల్స్ మేనేజర్. పీకల్లోతు అప్పుల్లో ఉంటాడు. ఇద్దరు దొంగవెధవలతో సొంత భార్యనే కిడ్నాప్ చేయించి, మామ వేడ్ దగ్గర డబ్బు గుంజుదామనుకుంటాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా అయిపోవాల్సిన పని ఏడు శవాల దాకా వెళ్తుంది.

నాకు మాత్రం వాణ్ణి చూస్తే నవ్వు కంటే జాలే ఎక్కువ. అచ్చం ఇల్లరికపు అల్లుడి బతుకు. షోరూం మామది, ఇంట్లో భోజనాల దగ్గర మాట కూడా మామదే. పార్కింగ్ స్థలం వ్యాపారం ఒకటి తానే వెతికి తెచ్చి 7,50,000 డాలర్లు అప్పడిగితే, వేడ్ ఆ వ్యాపారాన్నే లాగేసుకుని నీకు కమిషన్ ఇస్తాం పొమ్మంటాడు. ఆ తర్వాతి సీన్ చూడండి. ఎటు చూసినా మంచు, మధ్యలో ఒక్క కారు. అద్దం మీద ఐసు గీకుతూ గీకుతూ పూనకం వచ్చినట్టు ఊగిపోయి, అలిసిపోయి, మళ్లీ వంగి గీకడం మొదలెడతాడు. ఒక్క డైలాగ్ లేదు. నెలాఖరులో మనలో ఎంతమందిమి ఇలా గీకడం లేదు?

షోరూం_పాతకాపు:
గట్టుగారూ, ఇల్లరికం సెంటిమెంట్‌తో మమ్మల్ని ముంచకండి. నేను నాలుగేళ్లు ఒక కార్ల షోరూంలో సేల్స్‌లో చేశాను, పేరెందుకు లెండి. సినిమా మొదట్లోనే జెర్రీ ఒక కస్టమర్‌కు అడగని అండర్‌కోటింగ్, అంటే కారు అడుగున తుప్పు పట్టకుండా వేసే పూత, అంటగట్టి బిల్లులో వేస్తాడు. వద్దన్నాను కదయ్యా అని అతను గొడవ పెట్టుకుంటే, బాస్‌ను కనుక్కుని వస్తానని లేచి వెళ్తాడు. పక్క గదిలో చేసిందేమిటి? తోటి ఉద్యోగిని ఆటకు టికెట్ మిగిలిందా అని అడిగాడు. తిరిగొచ్చి, బాస్ ఇంతకుముందెప్పుడూ ఒప్పుకోలేదు, మీ కోసం వంద డాలర్లు తగ్గించారు అన్నాడు.

మా దగ్గర కూడా ఇదే. "సార్‌ను అడిగొస్తా" అని వెళ్లి, టీ తాగి, రెండు వేలు తగ్గించి వచ్చేవాళ్లం. సార్‌కు ఆ సంగతే తెలీదు. ఆ టీ నేనూ తాగాను, అందుకే చెప్తున్నా. జెర్రీని పరిస్థితులు నేరంలోకి నెట్టలేదు. రోజూ చేసే పనినే ఈసారి పెళ్లాంతో చేశాడు. లెక్క చూడండి: కిడ్నాపర్లకు బేరం 80,000 డాలర్లు అని చెప్పాడు, అందులో సగం వాళ్లది. మామకు మాత్రం పది లక్షలన్నాడు. కష్టంలో ఉన్నవాడు ఇంత మార్జిన్ వేసుకుంటాడా? దానికి ముందే లేని కార్లు ఉన్నట్టు కాగితాలు పెట్టి 3,20,000 డాలర్లు లోన్ లేపాడు. సీరియల్ నంబర్లు కనపడట్లేదని ఫైనాన్స్ వాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే, పంపిస్తా, పంపిస్తా అంటుంటాడు.

మంచులో_మావయ్య:
మినియాపోలిస్ నుంచి రాస్తున్నా, ఇక్కడికొచ్చి పదకొండేళ్లు. ఐసు గీకుడు నాకు చలికాలమంతా ఉండేదే, అందులో ట్రాజెడీ వెతకకండి బాబూ. సినిమాలో నాకు బాగా పట్టింది ఇక్కడివాళ్ల మర్యాద. కోపం వచ్చినా గొంతు పెంచరు, నవ్వుతూ సరేనంటారు. జెర్రీ అబద్ధాలన్నీ ఆ నవ్వు వెనకే దాక్కున్నాయి. పోలీస్ చీఫ్ మార్జ్‌ది కూడా అదే నవ్వు, ఏడు నెలల కడుపుతో ఉన్నా. కానీ ఆవిడ నవ్వుతూనే ప్రశ్న వదలదు.

ఇంకో మాట, సినిమా చివర్లో శవాన్ని తోసిన ఆ చెక్కలు తరిగే మెషీన్‌ను ఫార్గో ఊరి విజిటర్ సెంటర్‌లో పెట్టారు. జనం పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. మేమూ దిగాం, మా ఆవిడ మాత్రం రానంది.

రెండో_ఆట:
అసలు ఇది నిజంగా జరిగిన కథ కదా? 1987లో మిన్నెసోటాలో జరిగిందని మొదట్లోనే వేస్తారు.

షోరూం_పాతకాపు:
అదీ అండర్‌కోటింగే తమ్ముడూ. కథ కల్పితం. 1986లో కనెటికట్‌లో ఒక విమాన పైలట్ భార్యను చంపి అలాంటి మెషీన్‌లో వేసిన కేసు ఉంది, మెషీన్ సంగతి అక్కణ్ణుంచి తీసుకున్నదే.

గోదారిగట్టు:
మామ ఆ వ్యాపారానికి డబ్బు పెట్టేలా ఉన్నాడని తెలియగానే, కిడ్నాప్ ఆపుదామని జెర్రీ, ఆ దొంగలను కుదిర్చిన మెకానిక్ షెప్ దగ్గరకు వెళ్లాడని మర్చిపోతున్నారు. వాళ్లను ఎలా పట్టుకోవాలి అని అడిగాడు. మనసు లేనివాడైతే ఎందుకు అడుగుతాడు?

వేణి_77:
ఖర్చు మిగులుతుందని అడిగాడు. భార్య భయపడుతుందని కాదు.

ఇంతసేపూ జెర్రీ, మామ, కమిషన్, మార్జిన్. ఆవిడ పేరు జీన్ అని ఒక్కరూ రాయలేదు. తలకు ముసుగు వేసి, చేతులు కట్టేసి మంచులోకి దింపితే, కళ్లు కనపడక అటూ ఇటూ పరిగెత్తి పడిపోతుంది. కిడ్నాపర్లలో ఒకడు, కార్ల్, పగలబడి నవ్వుతాడు. మొదటిసారి చూసినప్పుడు నేనూ నవ్వాను. రెండోసారి ఆ నవ్వు వినపడింది, ఛానెల్ మార్చేశాను.

జెర్రీ గురించి నాకు ఒక్క సీన్ చాలు. మామతో, అకౌంటెంట్ స్టాన్‌తో కూర్చుని డబ్బు ఎలా ఇవ్వాలో మాట్లాడాక, వెళ్లే ముందు స్టాన్ అడుగుతాడు, స్కాటీ ఎలా ఉన్నాడు అని. అప్పుడు చూడండి జెర్రీ మొహం. తనకో కొడుకున్నాడని అప్పుడు గుర్తొచ్చింది! ఇంటికెళ్తే వాడు గదిలో ఏడుస్తూ ఉంటాడు. వాడికి ఈయన చెప్పి వచ్చిందేమిటంటే, ఎవరైనా ఫోన్ చేస్తే అమ్మ ఫ్లోరిడా వెళ్లిందని చెప్పమని. పిల్లాడికి అబద్ధం అప్పజెప్పి తలుపేసి వచ్చాడు. మీ జాలి కొంచెం ఆ గదిలో పెట్టండి.

గోదారిగట్టు:
స్కాటీ సంగతి ఒప్పుకుంటున్నా వేణిగారూ, అది తట్టలేదు. కానీ ఆ అప్పు దేనికో సినిమా చివరిదాకా చెప్పదు. పేకాటా, ఇంకో సంసారమా, ఏదీ లేదు. జెర్రీ చెడ్డవాడని చూపించాలనే ఉంటే అది చెప్పడం ఎంతసేపు? మోటెల్‌లో బాత్రూం కిటికీలోంచి దూరుతూ లోదుస్తులతో దొరికిపోయి అరిచే అరుపు విన్నాక కూడా మీకు ఏమీ అనిపించలేదా?

వేణి_77:
అనిపించింది. జీన్ అరుపు గుర్తొచ్చింది.

రెండో_ఆట:
ఒక డౌటు. ఆ అండర్‌కోటింగ్ కస్టమర్ చివరికి డబ్బు కట్టాడా?

షోరూం_పాతకాపు:
బూతులు తిట్టి, చెక్‌బుక్ ఎక్కడని అడిగాడు. మా దగ్గరా అంతే, తిట్టినవాళ్లెవరూ కట్టకుండా పోలేదు.