ఎవరెస్ట్ బేస్‌క్యాంప్: నామ్చే, దింగ్‌బోచేల దగ్గర 'రెస్ట్' రోజులు మానేయొచ్చా?

కంచరపాలెం కుర్రాడు:
అందరికీ నమస్కారం. మేం నలుగురం, ఇంజనీరింగ్‌లో ఒకే బెంచీవాళ్ళం. అక్టోబర్‌లో ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ అనుకుంటున్నాం. ఆర్నెల్లుగా తెల్లారగట్ల ఆర్‌కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా పరుగు, ఆదివారాలు సింహాచలం మెట్లు. మొన్న ఆషాఢంలో గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ నడిచేశాం. చిక్కల్లా మాలో ఒకడికి సెలవు తక్కువ. విమానం దిగి నడక మొదలెట్టే ఊరు లుక్లా. అక్కడ దిగిన దగ్గర్నుంచి మళ్ళీ లుక్లా చేరేదాకా 12 రోజుల ప్లాన్. అందులో దారిలో వచ్చే ఊళ్ళు నామ్చేలో ఒకరోజు, దింగ్‌బోచేలో ఒకరోజు 'రెస్ట్' అని ఉంది. "అలసిపోనివాళ్ళకి రెస్ట్ ఎందుకురా, ఆ రెండూ ఎగరగొట్టేద్దాం" అంటాడు. మాలో అందరికన్నా గట్టివాడు వాడే, అందుకని ఎవరం ఎదురు చెప్పలేకపోతున్నాం. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

ఉప్పుగాలి:
రెండు రోజులు తగ్గించడం కాదు బాబూ, ఇంకో రెండు కలుపుకోండి. మబ్బు పడితే లుక్లా విమానం లేవదు. సీజన్లో చాలా విమానాలు కాఠ్మండు నుంచి కాకుండా రామెఛాప్ నుంచి ఎగురుతాయి. అంటే అర్ధరాత్రి లేచి నాలుగైదు గంటలు జీపులో పోవాలి. మన వైజాగ్ నుంచి కాఠ్మండుకి నేరుగా విమానం లేదు కాబట్టి తిరుగు టికెట్లు దగ్గరదగ్గరగా పెట్టుకోకండి. పాస్‌పోర్టుగానీ ఓటరు కార్డుగానీ ఉంచుకోండి, ఆధార్‌ని నమ్ముకోవద్దు.

మెట్లదారి:
తమ్ముడూ, మీవాడన్న మాటే మా జట్టులోనూ ఒకాయన అన్నాడు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు ఆ 'రెస్ట్' అన్న మాట కొట్టేయండి. ఆ రోజు పడుకోవడం ఉండదు. ఊరి పైనున్న కొండెక్కి, కాసేపు కూచుని, దిగొచ్చి కిందే నిద్రపోతారు. అలవాటు పడాల్సింది కాళ్ళు కాదు, ఊపిరి. మన మన్యంలో పెద్దదైన అర్మకొండే 1,680 మీటర్లు. లుక్లాలో విమానం దిగేచోటే 2,860. నామ్చే 3,440, దింగ్‌బోచే 4,410, బేస్‌క్యాంప్ 5,364. అక్కడ ఒక్కో శ్వాసకీ అందే ఆక్సిజన్ మన బీచ్‌లో అందేదాంట్లో సగమే. 3,000 దాటాక రాత్రి పడక రోజుకి 500 మీటర్లకి మించి పైకి పోకూడదంటారు, మూడు నాలుగు రోజులకోసారి ఒకేచోట రెండు రాత్రులు ఉండాలంటారు. ఆ రెండు రోజులూ అందుకు పెట్టినవే.

ఇవన్నీ చదివే వెళ్ళాను. కానీ నమ్మకం కుదిరింది మాత్రం కందిపొడి ప్యాకెట్ చూశాక. గోపాలపట్నంలో సీలు వేయించినప్పుడు చదునుగా ఉన్న ప్యాకెట్ దింగ్‌బోచేలో బ్యాగులోంచి తీస్తే పూరీలా పొంగి ఉంది. బయట గాలి అంత పలచబడిపోయిందన్నమాట. (పైకెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. దాల్‌భాత్‌లో ఆ పొడి కలుపుకుంటేనే నాకు ముద్ద దిగింది.)

మాలో గట్టివాడు మా మరిది, మారథాన్ల మనిషి. నామ్చేలో మేం కొండెక్కుతుంటే తను దుప్పటి తియ్యలేదు. ఆ తర్వాత రోజూ అందరికన్నా ముందు. రెండు రోజులుగా తలనొప్పి ఉంటే చెప్పకుండా మాత్రలు మింగాడట. చెప్తే పరువు పోతుందని! లోబుచేలో, 4,940 మీటర్ల దగ్గర, రాత్రి భోజనాలయ్యాక బూటు లేసు కట్టుకుంటున్నాడు. ముడి పడదు. మళ్ళీ మొదలెడతాడు, మళ్ళీ జారిపోతుంది. మేమంతా నవ్వాం. గైడ్ నవ్వలేదు. నేలమీద రెండు చెక్కల మధ్య గీత చూపించి, ఒక కాలి వేళ్ళకి రెండో కాలి మడమ తగిలేలా నడవమన్నాడు. మూడో అడుక్కే మరిది గోడ పట్టుకున్నాడు. గైడ్ ఇంకేం మాట్లాడకుండా బ్యాగు సర్దాడు. తలకి లైట్లు కట్టుకుని ఆ రాత్రే థుక్లా మీదుగా ఫెరిచేకి దింపేశాడు. అక్కడ హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ వాళ్ళ క్లినిక్ సీజన్లో తెరిచి ఉంటుంది. మెదడు వాపు మొదలైందని చెప్పి ఆక్సిజన్ పెట్టారు, వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే మందు ఇచ్చారు. మర్నాటి సాయంత్రానికి లేసు తనే కట్టుకున్నాడు.

బేస్‌క్యాంప్ చూసింది మాలో వెనక నడిచిన ఇద్దరం. అప్పటికి నా బరువు 78 కిలోలు.

మాత్రల మనిషి:
డయామాక్స్ (ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వేసుకునే మాత్ర) గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెప్పేస్తున్నా. సాధారణంగా 125 మిల్లీగ్రాములు, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఎత్తెక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే డాక్టర్‌కి చెప్పాలి. వేళ్ళు జివ్వుమంటాయి, మాటిమాటికీ ఒంటేలుకి లేవాలి. దాన్ని వేసుకుని రెస్ట్ రోజులు మానేద్దాం అంటే కుదరదు. ఇన్సూరెన్స్ తీసుకుంటే హెలికాప్టర్‌కి ఎన్ని మీటర్ల ఎత్తు దాకా డబ్బిస్తారో చదివి సంతకం పెట్టండి.

కంచరపాలెం కుర్రాడు:
అక్కా, లేసు సంగతి వాడికి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, వంగి తన బూటు చూసుకున్నాడు. సెలవు మాత్రం పెరగదట. ఇప్పుడు వాణ్ణి వదిలేసి ముగ్గురం వెళ్ళడమా, నలుగురం నామ్చే దాటాక వచ్చే టెంగ్‌బోచే దాకా వెళ్ళి వెనక్కి రావడమా అని తేలట్లేదు.

మెట్లదారి:
టెంగ్‌బోచేకే వెళ్ళండి. నామ్చేలో రెండు రాత్రులుండి మరీ వెళ్ళండి. ఇంకో మాట, బేస్‌క్యాంప్‌లో నిలబడితే ఎవరెస్ట్ శిఖరం కనబడదు. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు అది చూడాలంటే మళ్ళీ పక్కనున్న కాలాపత్తర్ అనే గుట్ట ఎక్కాలి. టెంగ్‌బోచే మఠం దగ్గర, మబ్బు లేకపోతే, టీ తాగుతూ చూడొచ్చు. ఇది మీవాడికి చెప్పండి, కాస్త మెత్తబడతాడు. కందిపొడి మాత్రం నలుగురికీ సరిపడా పట్టుకెళ్ళండి.