ఎండిన మల్లెపూలతో టీ కాస్తే వాసన ఎందుకు రావడం లేదు?

ప్రశ్న – పెరటిమల్లె

మా పెరట్లో రెండు దొంతరమల్లె పొదలు, ఒక రేకమల్లె తీగ ఉన్నాయి. ఈ వేసవిలో ఇంట్లో వాళ్ళు తలలో పెట్టుకోగా, పూజకు వాడగా ఇంకా పూలు మిగిలిపోతూ ఉంటే, వాటిని ఎండబెట్టి టీ కాచుకుంటే బాగుంటుందని అనిపించింది. తెల్లవారి విచ్చి ఉన్న పూలను కోసి, మేడ మీద పాత చీర పరిచి రెండు రోజులు ఎండలో ఉంచాను. అవి మొదట పసుపుపచ్చగా, తర్వాత టీ పొడి రంగుకు మారాయి. గుప్పెడు పూలను నీళ్ళలో వేసి పది నిమిషాలు మరిగించి తాగితే మల్లె వాసన జాడ కూడా లేదు. ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళలా ఉంది, పైగా నాలుక మీద చేదు మిగిలింది. పాలు, పంచదార కలిపి చూస్తే మరీ అన్యాయంగా తయారైంది. దుకాణంలో కొన్న జాస్మిన్ టీ మాత్రం డబ్బా మూత తీయగానే గుబాళిస్తుంది. నా తప్పు ఎండబెట్టడంలో ఉందా, కాచడంలో ఉందా? మా చెల్లెలు పురిటికి వచ్చి ఇక్కడే ఉంది, బిడ్డకు రెండో నెల. ఆమె కూడా ఈ టీ తాగవచ్చా అన్నది మరో సందేహం.

జవాబు – ఆకుపచ్చ డబ్బా

పెరటిమల్లె గారూ, మీ తప్పు పూలు కోసిన వేళలోనే మొదలైంది. నేను వైద్యవిద్య కోసం చైనాలోని ఫూజౌ నగరంలో కొన్నేళ్ళు ఉన్నాను. జాస్మిన్ టీకి పుట్టిల్లు అనదగిన ఊరు అది. అక్కడి మల్లెతోటల, తేయాకుల సంప్రదాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది. అక్కడ వాడే పువ్వు మన మల్లెపువ్వే, అదే మొక్క. కానీ ఆ మంచి టీలో ఎండిన మల్లెపూల పాత్ర దాదాపు ఏమీ లేదని తెలిసినప్పుడు నేనూ మీలాగే ఆశ్చర్యపోయాను.

మల్లెమొగ్గలో వాసన సిద్ధంగా ఉండదు. మొగ్గ విచ్చుకుంటున్న కొద్దీ అది లోపల తయారవుతూ, తయారైనది తయారైనట్టే గాలిలో కలిసిపోతుంది. సంపెంగ జాతి పూలలో, గులాబీలో సువాసన నూనె రేకలలోనే నిలవ ఉంటుంది కాబట్టి అవి ఎండినా కొంత పరిమళాన్ని దాచుకుంటాయి. మల్లెకు ఆ దాపరికం లేదు. రాత్రి విచ్చిన మల్లె తెల్లవారేసరికి తన వాసనలో చాలా భాగం ఖర్చు పెట్టేసి ఉంటుంది. మీరు దాన్ని పొద్దున కోశారు, మిగిలినదాన్ని ఎండకు అప్పజెప్పారు, ఆ తర్వాతా ఏమైనా ఉంటే పది నిమిషాల మరుగులో ఆవిరిగా పంపించేశారు.

అందుకే అక్కడ పువ్వును ఎండబెట్టరు; పువ్వు విచ్చుకునే రాత్రి దాని పక్కన తేయాకును ఉంచుతారు. బాగా ఆరిన తేయాకు చుట్టుపక్కల ఏ వాసన ఉన్నా పీల్చుకుంటుంది, ఇంగువ డబ్బా పక్కన పెట్టిన టీ పొడి గతి మనకు తెలిసిందే. మధ్యాహ్నం ఎండలో కోసిన, ఆ రాత్రికి విచ్చబోయే తెల్లని మొగ్గలను పలుచగా పరిచి ఉంచి, రేకలు కాస్త విడివడి పులి పంజాలా కనిపించే సమయానికి గ్రీన్ టీ ఆకుతో కలిపి కుప్ప పోస్తారు. పూలు ఊపిరి తీస్తున్న వేడికి ఆ కుప్ప 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, అర్ధరాత్రి దాన్ని విప్పి చల్లార్చి మళ్ళీ కుప్ప చేస్తారు. తెల్లవారాక వడలిన పూలను జల్లెడ పట్టి తీసేసి, తేమ పీల్చిన ఆకును వేడి మీద ఆరబెడతారు. మంచి రకానికి ఇదే పని, ప్రతిసారీ కొత్త పూలతో, ఐదారు సార్లు జరుగుతుంది. సిచువాన్‌లో చూపు కోసం కొన్ని తెల్లని రేకలను ఉంచే రకం ఒకటి ఉంది గానీ, మామూలుగా పొట్లంలో కనిపించే పూరేకులు అలంకారమే తప్ప వాసన వాటిది కాదు.

ఇంట్లో నేను చేసే పద్ధతి ఇది. నిమ్మ, తులసి వంటివేవీ కలపని, ఆకు ఆకుగా ఉన్న గ్రీన్ టీ 100 గ్రాములు తీసుకుంటాను. మనం రోజూ వాడే గుండ్రని టీ పొడి దీనికి పనికిరాదు, దాని ఘాటు ముందు మల్లె నిలబడదు. సాయంత్రం నాలుగు ప్రాంతంలో 50 గ్రాముల దాకా నిండు మొగ్గలు కోసి, నీళ్ళు చల్లకుండా పళ్ళెంలో పరుస్తాను. ఏడు, ఎనిమిది గంటలకు అవి విచ్చుకోవడం మొదలవగానే స్టీలు డబ్బాలో ఒక వరుస ఆకు, ఒక వరుస పూలు వేసి, పైన మల్లు గుడ్డ కట్టి, పడుకునే ముందు ఒకసారి కలుపుతాను. ఇంటి కొలతకు వేడెక్కే భయం లేదు. పొద్దున పూలన్నీ ఏరేసి, ఆకును మందపాటి మూకుడులో చేయి పెట్టగలిగేంత సన్నని వేడి మీద, మళ్ళీ గలగలలాడేవరకు ఆరబెడతాను. మూడు రాత్రులు ఇలా చేస్తే చాలు, మూతికి దగ్గరగా తెచ్చుకోకుండానే కప్పు సంగతి తెలుస్తుంది.

కాచేటప్పుడు నీళ్ళు తెర్లనివ్వకండి. గిన్నె అడుగున చిన్న బుడగలు లేస్తుండగా, అంటే 80 డిగ్రీల దగ్గర దించి, గ్లాసుకు చెంచా ఆకు వేసి రెండు, మూడు నిమిషాలు మూత పెట్టి వడకట్టండి. అదే ఆకుకు రెండోసారి కూడా నీళ్ళు పోయవచ్చు. పాలు మాత్రం వద్దు.

జవాబు – మొక్కల మనిషి

పై జవాబుకు రెండు హెచ్చరికలు జోడిస్తున్నాను. వీటిని చూసి బజారు నుంచి మల్లెలు తెచ్చి మొదలుపెట్టేవారు ఉంటారేమో, దయచేసి అలా చేయకండి. దండల కోసం పండించే మల్లెకు మొగ్గతొలుచు పురుగు పెద్ద శత్రువు. దానికి కొట్టే మందులు తినే పంట లెక్కలో కొట్టినవి కావు. గుడిమల్కాపూర్ మార్కెట్లో కొన్నా, ఊరి సంతలో కొన్నా ఆ పూలు తలలోకే. కొత్తగా నర్సరీ నుంచి తెచ్చిన మొక్క పూలనూ మొదటి కొన్ని నెలలు నోటికి దూరంగా ఉంచడం మేలు.

రెండవది, తెల్లగా ఉండి వాసన వేసేదల్లా మల్లె కాదు. మల్లెకు కణుపు దగ్గర ఎదురెదురుగా విడి ఆకులు ఉంటాయి, తుంచితే పాలు కారవు. పాలు కారితే అది నందివర్ధనమో మరొకటో అయి ఉంటుంది. రాత్రిపూట వీధంతా ఘుమఘుమలాడించే రాత్‌రాణి విషపు మొక్క. అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఉంటున్న మనవాళ్ళ కంచెల మీద పాకే పసుపు పూల ‘కరోలినా జెస్సమిన్’ పేరులోనే మల్లెను పోలింది గానీ, పువ్వు, ఆకు, వేరు అన్నీ విషమే.

మీ చెల్లెలి విషయంలో నేనైతే ఆమెను చూస్తున్న డాక్టరును అడగకుండా ఇవ్వను. పాలు తగ్గించడానికి బాలింతల రొమ్ముకు మల్లెపూలు కట్టే ఆచారం దక్షిణాదిలో ఉంది. పైకి కట్టడం వేరు, తాగడం వేరు. అయినా గ్రీన్ టీలో కెఫీన్ ఎలాగూ ఉంటుంది, అది కొంత పాలలోకి చేరుతుంది.

జవాబు – నువ్వులపిండి

ఈ పద్ధతి చదువుతుంటే మా తాతగారి సెంటు నూనెల కొట్టు గుర్తుకు వచ్చింది. ఆయన ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ నుంచి తెప్పించే జాజి నూనె పూలను నూనెలో మరిగించి తీసినది కాదు. పొట్టు తీసిన నువ్వులను, తాజా పూలను వరుసలుగా పేర్చి, పూలు వాడినకొద్దీ మార్చుతూ, చివరకు పూలన్నీ పారేసి నువ్వులను మాత్రమే గానుగ ఆడేవారట. పూలదండలో నారకు వాసన అబ్బినట్టే అక్కడ నువ్వుకు, ఇక్కడ తేయాకుకు.

అయితే ఆకుపచ్చ డబ్బా గారు ఎండిన పువ్వును పూర్తిగా కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. నేను రాత్రి కాఫీ, టీలు తాగలేను, కాబట్టి నాకు పువ్వు ఒక్కటే కావాలి. రేకమల్లె మొగ్గలను విచ్చకముందే కోసి, పచ్చని తొడిమ గిల్లేసి, ఫ్యాను కింద నీడలో మూడు, నాలుగు రోజులు ఆరబెడితే మీగడ రంగులో నిలుస్తాయి. గ్లాసు వేడినీళ్ళలో పది మొగ్గలు వేసి ఐదు నిమిషాలు మూత పెడితే వచ్చేది గుబాళింపు కాదు, తలదిండు మీద రాత్రి పెట్టుకున్న పూల తాలూకు పొద్దుటి వాసన. నాకు అదే ఇష్టం. దొంతరమల్లెను మాత్రం ఎండబెట్టకండి. మధ్య రేకల్లో తేమ చిక్కి బూజు పడుతుంది. మీకు తగిలిన చేదులో ఆ తొడిమ వంతు కూడా ఉంది.

పెరటిమల్లె

అందరికీ ధన్యవాదాలు. చెల్లెలికి ప్రస్తుతం ఇవ్వడం లేదు. నాలుగు రోజుల క్రితం డబ్బా పద్ధతి మొదలుపెట్టాను. మొదటి రాత్రి తర్వాత కాచిన కప్పులో వాసన సన్నగా వచ్చింది, రెండో రాత్రికి మా నాన్నగారు వరండాలో నుంచే ఏమిటని అడిగారు. మూడో రాత్రి తర్వాత మాత్రం ఆకు మెత్తబడి, మల్లెతో పాటు తడిగుడ్డ వాసన వేస్తోంది. కరెంటు పోవడం వల్ల ఫ్రిజ్‌లో ఉంచిన పూలు తీసి వాడాను, రెండో రోజు పొద్దున ఆకును మూకుడులో వేడి చేయకుండా నీడలోనే ఆరబెట్టాను.

ఆకుపచ్చ డబ్బా

రెండూ కారణాలే. ఫ్రిజ్ పూలకు తేమ పట్టి ఉంటుంది, సరిగా విచ్చవు కూడా. అప్పటికే తేమతో ఉన్న ఆకు మూడో రాత్రి ఇంకా తేమను పీల్చుకుంది. బూజు కనిపించినా, ముక్క వాసన వచ్చినా ఆలోచించకుండా పారేయండి. తడివాసన తప్ప మరేమీ లేకపోతే ఈ పూటే సన్నని వేడి మీద పావుగంట ఆరబెట్టి, ఒక ఆకును వేళ్ళ మధ్య నలిపి చూడండి. పొడిగా విరిగితే నాలుగో రాత్రికి పూలు కోయండి, వంగితే ఇంకాసేపు పొయ్యి మీదే ఉంచండి.