టీకాస్ (విమానాలు గుద్దుకోకుండా పైలట్‌ను హెచ్చరించే యంత్రం) ఉండగా కింది ఎత్తులో సైనిక విమానం, ప్రయాణికుల విమానం ఎట్లా గుద్దుకుంటాయి?

రేణిగుంట_కుర్రోడు:
సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) పరీక్షలకు చదువుతున్నా. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో సీఆర్‌జే700 ప్రయాణికుల విమానం, అమెరికా సైన్యం బ్లాక్‌హాక్ హెలికాప్టర్ గుద్దుకుని 67 మంది పోయారు. రెండూ టవర్‌తో మాట్లాడుతూనే ఉన్నాయి, విమానంలో టీకాస్ ఉంది. అయినా ఎందుకు తప్పలేదు? మనకు అరక్కోణం నేవీ స్థావరం గాలిలో అరవై పైచిలుకు కిలోమీటర్లే, అక్కడ హెలికాప్టర్ శిక్షణ స్కూలు కూడా ఉంది. రేణిగుంటలో రన్‌వే 26కి దిగేటప్పుడు ఎదురుగా ఒకటి వస్తే పైలట్‌కు ఏ హెచ్చరిక అందుతుంది? తెలిసినవాళ్లు చెప్పండన్నా.

ఏవియానిక్స్_చిత్తూరు:
తమ్ముడూ, టీకాస్ రెండు రకాలుగా మాట్లాడుతుంది. 'ట్రాఫిక్, ట్రాఫిక్' అంటే ఉత్త హెచ్చరిక, టీఏ. ఎక్కు, దిగు అని ఆజ్ఞ ఇచ్చేది ఆర్‌ఏ. నేలకు 1,000 అడుగుల కన్నా కిందికి వస్తే, అటూఇటూ వందలో, ఆర్‌ఏలన్నీ ఆగిపోతాయి. 'దిగు' అనేది అంతకు కాస్త ముందే ఆగుతుంది. 500 దగ్గర టీఏ గొంతు కూడా రాదు. కావాలనే అలా పెట్టారు: అంత కింద 'దిగు' అంటే నేలకే తగులుతాం.

ఇప్పుడు రేణిగుంటకు లెక్క వేసుకో. మూడు డిగ్రీల వాలులో నాటికల్ మైలుకు సుమారు 300 అడుగులు దిగుతాం. అంటే రన్‌వేకి చివరి మూడు మైళ్లలో ఆర్‌ఏ లేదు. ఏటీఆర్ (చిన్న ప్రయాణికుల విమానం) 120 నాట్లతో, అంటే గంటకు 120 నాటికల్ మైళ్లతో వస్తే అది నిమిషంన్నర. వాషింగ్టన్‌లో టీఏ వచ్చింది, గుద్దుకోవడానికి 19 సెకన్ల ముందు. ఎటు తప్పుకోవాలో మాత్రం అది చెప్పలేదు.

ఇంకొకటి. ఎదుటివాడి ట్రాన్స్‌పాండర్ (విమానం ఉనికిని రేడియోలో చెప్పే పెట్టె) ఎత్తు పంపకపోతే టీఏ తప్ప ఆర్‌ఏ ఎంత ఎత్తులోనూ రాదు. అసలు ఆపేసి ఉంటే టీకాస్‌కు ఆ విమానం లేనట్టే. సైనిక విమానాలు కొన్ని పనుల్లో దాన్ని ఆపి ఎగురుతాయి.

స్వర్ణముఖి_ఫైనల్:
ఇక మిగిలేది కళ్లు. ఎదుటి విమానాన్ని చూసి, అది మన మీదికే వస్తోందని పోల్చుకుని, నిర్ణయించుకుని, స్టిక్ తిప్పి, విమానం కదిలేదాకా 12.5 సెకన్లు పడుతుందని ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) లెక్క. ఎదురెదురుగా 250 నాట్ల ఫైటర్, 90 నాట్ల సెస్నా (చిన్న విమానం) అనుకోండి. 12.5 సెకన్లంటే 2.2 కిలోమీటర్లు. అంత దూరంలో సెస్నా రెక్కల వెడల్పు పున్నమి చంద్రుడిలో సగం కనపడుతుంది. పైగా గుద్దుకునే దారిలో ఉన్న విమానం అద్దంలో ఒకేచోట నిలిచి ఉంటుంది, కదలదు. కదలనిదాన్ని కన్ను పట్టుకోదు.

2015 జులై 7న అమెరికా సౌత్ కరోలినాలోని మాంక్స్ కార్నర్ దగ్గర ఎఫ్-16, సెస్నా 150 సుమారు 1,500 అడుగుల్లో గుద్దుకున్నాయి. సెస్నాలో ఇద్దరూ చనిపోయారు, ఫైటర్ పైలట్ ఎజెక్ట్ అయ్యాడు. కంట్రోలర్ ముందు 'ఆ విమానం కనపడకపోతే ఎడమకు తిరుగు' అన్నాడు. ఆ 'కనపడకపోతే' దగ్గరే సెకన్లు పోయాయి, పైలట్ వెతుకుతూ ఉండిపోయాడు. షరతు లేకుండా 'వెంటనే తిరుగు' అని మొదటే అనాల్సింది.

రేణిగుంట_కుర్రోడు:
వాషింగ్టన్‌లో హెలికాప్టర్‌కు 200 అడుగుల హద్దు ఉంది కదన్నా, అది కాపాడాలి కదా?

ఏవియానిక్స్_చిత్తూరు:
అసలు తప్పు అక్కడే ఉంది. ఆ హెలికాప్టర్ రూటుకు, రన్‌వే 33కి విమానాలు దిగే వాలుకు మధ్య కొన్నిచోట్ల మిగిలేది 75 అడుగులే. అదే బెటాలియన్‌లోని ఇతర హెలికాప్టర్లను పరీక్షిస్తే బారో ఆల్టిమీటర్ (గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు చూపేది) అసలు ఎత్తుకన్నా 80 నుంచి 130 అడుగులు తక్కువ చూపింది. గుద్దుకున్నప్పుడు బ్లాక్‌హాక్ రేడియో ఆల్టిమీటర్ (కింది నేల నుంచి ఎత్తు కొలిచేది) 278 అడుగులు చూపింది. ఆల్టిమీటర్ తేడా కన్నా చిన్న సందును ఎడం అని మ్యాపులో గీయడం నాకు క్షమించరాని పని అనిపిస్తుంది. తర్వాత ఎఫ్‌ఏఏ ఆ రూటు ముక్కను మూసేసింది.

రేడియో సంగతీ చూడు. ఇద్దరూ వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో ఉన్నారు, ఒకరి మాట ఒకరికి వినపడదు. 'వెనకనుంచి వెళ్లు' అని టవర్ అంటున్నప్పుడు హెలికాప్టర్‌లో మైక్ బటన్ 0.8 సెకను నొక్కి ఉంది, ఆ ముక్క వాళ్లకు అందలేదు.

స్వర్ణముఖి_ఫైనల్:
మనదగ్గర జాగ్రత్త నవంబర్, డిసెంబర్‌లలో. వాయుగుండం పట్టి క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి లెక్కగట్టిన గాలి ఒత్తిడి) 1003కి పడిందనుకోండి. ఒకరు ఆల్టిమీటర్‌లో ప్రామాణిక 1013 మార్చకుండా వస్తే, హెక్టోపాస్కల్‌కు 27 అడుగుల చొప్పున 270 అడుగులు కిందున్నట్టు. ఆల్టిమీటర్ వెయ్యి అంటుంది, ఉన్నది 730. ఒకరు క్యూఎఫ్‌ఈ (విమానాశ్రయం నేల దగ్గరి ఒత్తిడి), ఇంకొకరు క్యూఎన్‌హెచ్ పెట్టుకున్నా అంతే: రేణిగుంట సముద్రమట్టానికి వంద మీటర్ల పైన ఉంది కాబట్టి 300 అడుగులు దాటి తేడా. ఎత్తు చెప్పేటప్పుడు ఏ సెట్టింగ్ మీదో కూడా చెప్పండి.

మబ్బు దిగితే హెలికాప్టర్లు రైలు పట్టాలు, ఏరు పట్టుకుని కింద వస్తాయి. ఆ గీతను ఎప్పుడూ మీ ఎడమ పక్కన ఉంచుకోండి, ఎదురుగా వచ్చేవాడూ అదే పాటిస్తే ఇద్దరి మధ్యా గీత ఉంటుంది. ట్రాన్స్‌పాండర్ ఆల్ట్‌లో (ఎత్తు పంపే స్థితిలో), ల్యాండింగ్ లైట్ పగలైనా వేసి ఉండాలి. చూపును పది డిగ్రీల ముక్కలుగా, ఒక్కోచోట కనీసం ఒక సెకను నిలపండి. తలుపు స్తంభం వెనక దాగిన విమానం మీరు తల కదిపితేనే బయటపడుతుంది.

ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దారిలో, టీఏ వినపడి ఎదుటిది కనపడకపోతే వెతుకుతూ కూర్చోకండి. వెంటనే టవర్‌ను అడగండి. టీఏ ఒక్కదాన్ని బట్టే విమానాన్ని మళ్లించకండి. గో-అరౌండ్ (దిగడం మానేసి మళ్లీ పైకెక్కడం) చేయాల్సి వస్తే, ఎక్కేముందు టీకాస్ తెరమీద ఆ గుర్తు మీకు పైన ఉందా కింద ఉందా ఒక్క చూపు చూడండి, పైన ఉంటే ఎక్కడం వాడిమీదికే.